పోరుబందరులోని గాంధీ వంశీయుల గృహము

ఒక వంశమునందు మహాపురుషుడు జన్మించెనేని, ఆయన మావాడని చెప్పుకొనుటకు బంధువులు, గ్రామస్థులు, కులస్థులు ఎల్లరును ముందునకు వత్తురు. ఇది లోకసహజము, తప్పనరాదు. కాని ఆయన పూర్వులు ఏ పట్టున ఎట్లు నిలిచిరి, ఆ నడవడి తరతరములుగ ఎట్లు దిగివచ్చెను అని విచారించువారు కొలదిమంది మాత్రమే. ఇట్టి వార్షిక సంచికలయందు వంశవృక్షములను, బిరుదావళులను ప్రకటించుట మనకు వాడుకయై యున్నది. ఈ పర్యాయము వంశవృక్షమునకు మాఱుగ నొక యింటి చరిత్రమును పాఠక మహాశయుల సన్నిధికి దెచ్చుచున్నాను. అది మన యూరి యిల్లు గాదు. మన కులమువారి యిల్లును గాదు. పడమటి సముద్రతీరమున, కాఠియవాడ ద్వీపకల్పమునందలి పోరుబందరు పట్టణములో మహాత్మా గాంధీగారి పూర్వులు నివసించిన గృహమది. అయినను కులాభిమానము గల ప్రతివాడును తెలిసికొనదగిన విషయములు దానియందు గలవు.

కాఠియవాడ పూర్వము పెక్కు చిన్న సంస్థానములుగ చీలియుండెను. నేడది గుజరాతు రాష్ట్రములోని భాగము. అందు పోరుబందరు జేఠ్వా వంశపు రాణాలు ఏలిన రేవుపట్టణము. ఆఫ్రికా, అరేబియా తీరములతో దానికి చిరకాలముగ ఓడవర్తకము గలదు. ఆ ప్రాంతమున దొరకు తెల్లని సున్నపురాతితో అచటి యిండ్లు కట్టబడినవి. భాగవతమునందలి కుచేలోపాఖ్యానము నెఱిగిన మనవారికి ఈ పురము మఱియొక విధమున గూడ పరిచితమే. కుచేలుడనబడు సుదాముని నివాసమైన సుదామాపురి యిదియే యని అచటివారి విశ్వాసము. 1807వ సంవత్సరమున కర్నలు వాకరు చేసిన యొడంబడికతో కాఠియవాడ సంస్థానములు ఇంగ్లీషు కుంపిణీవారి పలుకుబడిలోనికి వచ్చెను. అప్పటినుండియు రాణా సింహాసనముపై నుండినను, రాజకోటలోని దొర మాటకు అన్ని దర్బారులలోను బరువు హెచ్చెను.

గాంధీ యను ఇంటిపేరు సుగంధద్రవ్యములను, పచారు సరకులను అమ్మువారికి వచ్చునది. వీరు మోఢ వణిక్కులు, వైష్ణవులు. మొదట జునాగఢ సంస్థానములోని కుటియాణా గ్రామమునుండి వచ్చి, క్రమముగ పోరుబందరు దర్బారు కొలువున చేరిరి. ఈ వంశమున హరజీవన్ గాంధీ యనునతడు 1777వ సంవత్సరమున మాన్‌బాయి యను స్త్రీయొద్ద నుండి ఈ యింటిని కొనెను. మహాత్మునకు ఈయన ముత్తాత. తరువాతి తరములవారు దానిని పెంచి మూడంతస్తుల గృహముగ జేసిరి. నడుమ ముంగిలి, దాని చుట్టును చిన్నచిన్న గదులు, ఇఱుకైన మెట్లు, అంతయు కలిపి 22 గదులు గలవు. పోరుబందరు నూతులలో ఉప్పునీరు ఎక్కువ. కావున మిద్దెపై పడిన వాననీటిని క్రిందనున్న తొట్టిలోనికి దింపి, ఏడాది పొడుగునను త్రాగుటకు వాడుకొను ఏర్పాటు ఈ యింట గలదు. దివానుల యిల్లని చూడబోయినవారికి విశాలమైన చావళ్లుగాని, దీపస్తంభములుగాని కానరావు. అది వర్తకులు గట్టుకొన్న సాధారణపు మేడ.

హరజీవనుని కుమారుడు ఉత్తమచంద్ గాంధీ. ఓటా గాంధీ యనిన పేరే లోకమునకు తెలియును. ఈయన కాలముననే యీ గృహమునకు చరిత్రమున స్థానము గలిగెను. ఓటా గాంధీ రాణా ఖీమోజీకి దివానై సంస్థానపు వ్యవహారములను చక్కబఱచెను. 1831వ సంవత్సరమున రాణా మరణించెను. యువరాజు విక్మాత్‌జీ బాలుడగుటచే రాణి రాజప్రతినిధియై పాలించుచుండెను. అంతఃపుర పరిచారికల కోరికలకు సంస్థానపు కోశాధికారి లొంగలేదు. రాణి కోపించి అతనిని పట్టి తెమ్మని యాజ్ఞాపించెను. అతడు పరుగెత్తి వచ్చి ఓటా గాంధీని శరణు వేడెను. ఓటా గాంధీ అభయమిచ్చి అతనిని తన యింట నుంచుకొనెను.

రాణి సైన్యమును పంపెను. సైనికులు ఇంటిని ముట్టడించిరి. ఫిరంగిని గూడ తెచ్చి గోడలపై గుండ్లు వేసిరి. దివాను తన భార్యాబిడ్డలతో ఆ యింటనే నిలిచెనుగాని, శరణాగతుని బయటికి పంపలేదు. ఇంటికి కావలియున్న సిపాయీలు ద్వారమును కాచి పోరాడిరి. వారి నాయకుడు గులాం మహమ్మద్ మక్రాణీ యను మహమ్మదీయుడు ఆ పోరున ప్రాణములు విడిచెను. ఈ వార్త రాజకోటలోని ఇంగ్లీషు ఏజెంటునకు చేరి, ఆయన జోక్యముతో ముట్టడి ఆగెను. ఆ కావలివాని స్మారకచిహ్నము గాంధీల యింటి నానుకొనియున్న వైష్ణవాలయమున నెలకొల్పబడెను. తన్నాశ్రయించిన పావురమునకై దేహమును కోసియిచ్చిన శిబిచక్రవర్తి కథను మనము పురాణములలో వినియున్నాము. ఇట శరణమిచ్చినవాడు వైష్ణవుడు. ఆ మాట నిలుపుటకై మరణించినవాడు మహమ్మదీయుడు. ఆ మృతుని జ్ఞాపకమును కాపాడినది విష్ణ్వాలయము. ఈ మూడింటిని కలిపి చూచినవారికి ఆ యింటి గొప్పతనము బోధపడును.

పిమ్మట ఓటా గాంధీ పోరుబందరును విడిచి పూర్వుల గ్రామమైన కుటియాణాకు వెడలెను. అది జునాగఢ నవాబు ఏలుబడిలోనిది. ఆయన నవాబు దర్బారునకు పోయి ఎడమచేతితో సలాము చేసెను. సభలోనివారు ఇది యేమి అవమర్యాద యని అడిగిరి. తన కుడిచేయి పోరుబందరునకు ఇదివఱకే ఒప్పగింపబడినదని ఆయన ప్రత్యుత్తరమిచ్చెను. తన యింటిపై ఫిరంగి పేల్చిన సంస్థానమును గూర్చి యాడిన మాట యిది! రాణి చేసిన అపచారము వేఱు, తాను రాజ్యమునకిచ్చిన మాట వేఱు అని యాయన యెంచెను. మహాత్ముడు తన ఆత్మకథ ఆరంభమున తాతగారిని గూర్చి చెప్పదలచినపుడు, ఆయన ఆర్జించిన ధనమునుగాని అధికారమునుగాని వర్ణింపక ఈ యొక్క సంగతినే వ్రాసికొనెను. వంశచరిత్రములు వ్రాయువారు ఈ ఎంపికను గమనింపవలెను.

కాలక్రమమున రాణి కాలము గడచి విక్మాత్‌జీ పాలనకు వచ్చెను. 1847వ సంవత్సరమున ఓటా గాంధీ అయిదవ కుమారుడు కరంచంద్ గాంధీ, ఇరువది యైదేండ్ల ప్రాయమున పోరుబందరు దివానాయెను. కాబా గాంధీ యని ఆయనకు వాడుకపేరు. ఆరవ కుమారుడగు తులసీదాసు అన్నగారి తరువాత ఆ పదవిని వహించెను. అన్నదమ్ముల కుటుంబములు ఒక్క కప్పు క్రిందనే యుండుటచే, దివానుగారి వంతునకు వచ్చినవి క్రింది యంతస్తులోని చిన్న గదులు మాత్రమే. రాజ్యవ్యవహారములు ముచ్చటించుచునే ఆయన ఇంటివంటకు కూరలు తరిగి యిచ్చెడివాడని చరిత్రకారులు చెప్పుదురు. ఆ క్రింది గదియందే 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీని, నాలవ భార్యయగు పుతలీబాయికి కడసారి బిడ్డగా మోహనదాసు జన్మించెను. జన్మస్థలమున నేలపై స్వస్తికము గుర్తుగ నుంచబడినది.

పుతలీబాయి వ్రతములయందు నిష్ఠగల యిల్లాలు. చాతుర్మాస్యమున సూర్యదర్శనమైనగాని భుజింపనని నియమము పట్టి, మబ్బు క్రమ్మిన దినములలో బిడ్డలు పిలిచి చూపబోవునంతలో సూర్యుడు మఱుగుపడిన, నవ్వుచు తిరిగి పనిలోనికి పోయెడిది. ఆమె పుట్టినింటివారిది ప్రణామీ సంప్రదాయము. ఆ సంప్రదాయపు ఆలయమున అర్చకుడు గీతయు ఖురానును కలిపి పఠించుట తాను బాల్యమున వినియున్నట్లు మహాత్ముడు తరువాతి కాలమున చెప్పెను. సర్వమతముల యెడ సమభావము ఆయనకు పెద్దవయస్సున గ్రంథములు చదువుటవలన మాత్రమే కలిగినది గాదు. తాతగారి ద్వారముకడ నేలకొరిగిన మక్రాణీ కథయు, తల్లివెంట పోయి విన్న పఠనమును ఆ బాలుని మనస్సున ముందే బీజములు వేసియుండును.

మోహనదాసునకు ఏడేండ్ల ప్రాయమున తండ్రి రాజకోటకు దివానుగ పోవుటచే కుటుంబమును అచటికి చేరెను. అచట నొకనాడు ఇంగ్లీషువారి అసిస్టెంటు ఏజెంటు రాజకోట ఠాకూరును కించపఱచి మాటలాడెను. కాబా గాంధీ ఎదురుచెప్పెను. క్షమాపణ కోరుమని దొర గద్దించెను, ఆయన కోరలేదు. కొన్ని గంటలు నిర్బంధమున నుంచి, ఎంతకును లొంగకుండుట చూచి విడిచిపుచ్చిరి. తండ్రి కుడిచేతి మాటను నిలుపుకొనగా, కొడుకు తాను కొలిచిన ప్రభువు గౌరవమును నిలిపెను. ధనము కూడబెట్టవలెనను నాశ కాబా గాంధీకి లేదు. 1885వ సంవత్సరమున ఆయన పరమపదించునాటికి బిడ్డలకు మిగిల్చిన ఆస్తి స్వల్పము.

ఇక కులసభలు చేయువారు ముఖ్యముగ యోచింపవలసిన ఘట్టమునకు వత్తము. 1888వ సంవత్సరమున మోహనదాసును బారిష్టరు చదువునకు సీమకు పంపవలెనని యాలోచన కలిగెను. తండ్రి లేనందున కుటుంబమునకు పెద్ద పినతండ్రి తులసీదాసే. యువకుడు రాజకోటనుండి ఎడ్లబండిపైనను, ఒంటెపైనను ప్రయాణముచేసి పోరుబందరు చేరి పినతండ్రి అనుమతి వేడెను. ఆ వృద్ధుడు, సముద్రయానమునకు తాను అనుజ్ఞ యొసంగజాలననియు, అయినను అడ్డు రాననియు, తల్లి యనుమతియే ప్రధానమనియు చెప్పెను. సంస్థానము అపుడు ఇంగ్లీషువారి పరిపాలనలో నుండెను. మోహనదాసు విద్యార్థి వేతనము నడుగుటకై పరిపాలకుడగు లేలీ దొర బంగళాకు పోగా, ఆయన మేడమెట్లు ఎక్కుచునే, ముందు బి.ఏ. ప్యాసుకమ్మని చెప్పి లోనికి పోయెను. తరతరములు దివానులై కొలిచిన వంశపు బిడ్డకు ఆ సంస్థానమున దొరకిన మర్యాద యిది.

తల్లి భయపడెను. మద్యమును, మాంసమును, పరస్త్రీని తాకనని ఒక జైనయతి సమక్షమున కుమారునిచే ప్రమాణము చేయించి పిదప సమ్మతించెను. బొంబాయిలో కులము అడ్డువచ్చెను. మోఢ వణిక్కులు సభచేసి, తమవారిలో ఎవ్వరును సముద్రము దాటలేదనియు, దాటిన ధర్మము చెడుననియు వాదించిరి. తల్లికిచ్చిన మాట తనకు రక్షయని యువకుడు వినయముతోనే చెప్పెను. కులపెద్ద యాగ్రహించి అతనిని వెలివేసి, అతనికి సాయపడువాడుగాని, ఓడకడకు సాగనంప పోవువాడుగాని ఒక రూపాయి నాలుగణాలు దండుగ ఇచ్చుకొనవలెనని శాసించెను. అప్పటికి మోహనదాసు వయస్సు నిండ పందొమ్మిదేండ్లు లేదు. 1888 సెప్టెంబరు 4వ తేదీని ఓడ యెక్కెను.

1891లో మరలివచ్చునప్పటికి కులము రెండుగ చీలియుండెను. అన్నగారు ఆయనను నాసికకు దీసికొనిపోయి గోదావరీస్నానము చేయించి, రాజకోటలో కులమువారికి విందు చేసెను. ఒక పక్షము చేర్చుకొనెను. రెండవ పక్షము చేర్చుకొనలేదు. మన తెలుగునాట ప్రవహించు గోదావరియే పుట్టుకచోటి చెంత ఆయనకు ప్రాయశ్చిత్త తీర్థమాయెనని మనము స్మరింపవచ్చును. చేర్చుకొననివారిపై ఆయన ద్వేషము పూనలేదు. చేర్చుకొమ్మని వేడుకొననును లేదు. ఆ కట్టుబాటుననుసరించి అత్తమామలుగాని, అక్కబావలుగాని తనకు మంచినీళ్లైన నీయరాదు. వారు రహస్యముగ నీయ సిద్ధపడినను, పదుగురియెదుట చేయరాని పనిని చాటున చేయుట తనకు సరిపడదని ఆయన వారి యిండ్లలో దాహము పుచ్చుకొనలేదు. కులమునకు ఎదురు తిరుగక, కపటమునకును లోబడక నిలిచెను. దానిచే కాలక్రమమున వెలివేసిన పక్షమువారే ఆయనను గౌరవించిరి; ఆయన కార్యములకు తోడ్పడిరి.

ఇప్పుడు యోచింపుడు. నేడు ఏ మోఢ వణిక్కును గాంధీ మావాడని చెప్పుకొనక మానడు. కాని ఆనాడు ఆ సభలో కూర్చున్న పెద్దలు దుర్మార్గులు గారు. కులధర్మమును కాపాడుచున్నామనియే నమ్మిరి. పూర్వాచారమును కంటితో చూచి, పూర్వుల ధర్మమును మనస్సుతో చూడకపోవుటయే వారి లోపము. ఓటా గాంధీ చూపిన ధర్మము, మాటయిచ్చిన పిదప తప్పకుండుట. ఆ యువకుడు తల్లికి మాట యిచ్చి, దానిని మూడేండ్లు పరదేశమున నిలుపుకొనెను. పూర్వుల మార్గము ఎవరియందు నిలిచెను? వెలివేసిన సభయందా, వెలిపడిన బాలునియందా?

ఈ గృహము ఎట్లు రక్షింపబడెనో గూడ చెప్పవలెను. 1944వ సంవత్సరమున మహాత్ముడు చెఱనుండి విడుదలయైన పిమ్మట, ఆయన జన్మగృహమును జాతికి నిలుపవలెనని పోరుబందరున సంకల్పము కలిగెను. దీనికి పూనుకొన్న దాత నాన్జీ కాళిదాస్ మెహతా. ఆయన మోఢ వణిక్కు గాడు; లోహాణా. పిన్నవయస్సుననే ఆఫ్రికాకు పోయి, ఉగాండాలో చెఱకుతోటలు, పంచదార మిల్లు స్థాపించి ధనము గడించిన వర్తకుడు. గాంధీ కుటుంబమువారియొద్ద ఇంటిని కొని, దాని ప్రక్కనే కీర్తిమందిరమును కట్టించెను. విక్రయమునకు మహాత్ముడు వ్రాతమూలకముగ సమ్మతి నొసంగెను. 1947లో దర్బారు గోపాలదాస్ దేశాయి శంకుస్థాపన చేసెను. ఆయన స్వాతంత్ర్యోద్యమమున చేరి తన సంస్థానమునే కోలుపోయిన ప్రభువు. ఆ కట్టడము ముగియకమునుపే, 1948 జనవరి 30వ తేదీని మహాత్ముడు హత్యకు గుఱియాయెను. 1950 మే 27వ తేదీని సర్దారు వల్లభభాయి పటేలు మందిరమును ప్రారంభించెను. దాని యెత్తు 79 అడుగులు. మహాత్ముడు 79వ యేట కాలధర్మము నొందుటకు అది గుఱుతు. హిందూ, బౌద్ధ, జైన, పారశీక, క్రైస్తవ, మహమ్మదీయ కట్టడముల లక్షణములు అందు కలిపి కూర్పబడినవి. కస్తూరిబాయి పుట్టినిల్లును ఆ వెనుకనే గలదు. ఆమె తండ్రి గోకులదాస్ మకన్‌జీ వర్తకుడు.

సముద్రము దాటినందుకు వెలిపడినవాని యిల్లు, సముద్రము దాటి ఆర్జించిన వర్తకుని ధనముతో నిలిచెను. కట్టించినవాడు అన్యకులజుడు, శంకుస్థాపకుడు రాజ్యము విడిచిన రాజు. కావున ఆ గృహము ఒక కులముయొక్క సొత్తుగ మిగులలేదు, దేశమంతటిదాయెను. దీనిచే మోఢ వణిక్కుల గౌరవమునకు వచ్చిన లోపమేమియు లేదు. అది వృద్ధియే పొందెను.

మాట నిలుపుకొనుటచే ఒక యిల్లు పూజ్యమగుట మన ఆంధ్రులకును అనుభవమే. సబర్మతి ఆశ్రమమున మహాత్ముని సన్నిధిని సేవచేసిన పొట్టి శ్రీరాములుగారు, మదరాసులో బులుసు సాంబమూర్తిగారి యింట 1952 అక్టోబరు 19వ తేదీని ఆంధ్రరాష్ట్రమునకై నిరాహారదీక్ష పూనిరి. 58 దినములు మాట తప్పక, డిసెంబరు 15వ తేదీని అమరులైరి. శ్రీరాములుగారు వైశ్యులు, సాంబమూర్తిగారు బ్రాహ్మణులు. దీక్షకు చోటిచ్చిన యింటివారిని నాడెవ్వరును కులమడుగలేదు. ఆ గృహమును స్మారకమై నిలిచెను. ఓటా గాంధీ ద్వారమునందు వెలసిన ధర్మమే ఇటను ప్రకాశించెనని చెప్పుట అతిశయోక్తి గాదు.

మన కులమునందును పూర్వులు కట్టిన పాత యిండ్లు పెక్కు గ్రామములలో గలవు. కొన్ని శిథిలమగుచున్నవి, కొన్ని పంపకముల వ్యాజ్యములలో చిక్కియున్నవి. వానిని బాగుచేయించుటకు దాతలు పూనుకొనుట శుభమే. కాని గోడలకు సున్నము వేయించుటతో పని ముగియదు. ఆ యింట ఎవరికి శరణము దొరకెను, ఎవరికి అన్నము దొరకెను, ఆ గడపకడ ఏ మాట యీయబడెను, అది నిలిచెనా అని పెద్దల నడిగి వ్రాసియుంచవలెను. యజమానుల పేర్లతోబాటు కావలివారి పేర్లును, వంటవారి పేర్లును వ్రాయవలెను. మక్రాణీ పేరు నిలువనిచో ఓటా గాంధీ కథయు సగమే నిలిచియుండును. మఱియు, కొత్తదారి త్రొక్కబోవు పిన్నవారు మన సభలకు వచ్చి నిలిచినపుడు, వారిపై దండుగ విధించుటకు మునుపు, పోరుబందరులోని ఆ యింటిని ఒక్కసారి తలచుకొనవలెను.

పూర్వులు మనకు ఇచ్చిపోయిన ఆస్తి మాటయే. దానిని పంచుకొనినను తఱుగదు; నిలుపుకొననిచో మాత్రము మిగులదు. ఈ మహాసభకు విచ్చేసిన సోదరులును, సంచికను ఆదరించు పోషకులును ఈ ధర్మమును తమ తమ గృహములయందు వర్ధిల్లజేయుదురుగాక. శుభమస్తు.